నీళ్లకు స్టాకు రిజిస్టరు

అకౌంట్స్ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడమ్, ఏ పుస్తకాలు చదివితే పని వస్తుంది?" అని అడుగుతారు. ట్రెజరీ కోడు, ఫైనాన్సు కోడు ఎటూ చదవక తప్పదు, పరీక్షలు పెట్టి మరీ చదివిస్తారు. అవి అయ్యాక ఒకసారి బస్సెక్కి, మీరు పాసు చేసిన బిల్లు డబ్బు ఏ ఊరికి పోయిందో ఆ ఊరికి పోయి చూసి రండి అంటాను. నవ్వుతారు. పిచ్చి ముసలిది అనుకుంటారేమో, అనుకోనీ.

నాది బద్వేలు. మా నాయనకు కిరాణా అంగడి ఉండేది. గల్లాలో డబ్బు కదలకుండా కూర్చుంటే ఆయనకు నిద్ర పట్టేది కాదు. సరుకు తేవాలి, అమ్మాలి, మళ్లీ తేవాలి, అంతే ఆయనకు తెలిసిన వ్యాపారం. నేను సర్కారు ఉద్యోగంలో చేరాక చూద్దును కదా, డబ్బు కదిలిందంటే నిద్ర పట్టని పెద్దమనుషులు వరసగా కూర్చుని ఉన్నారు. ఇద్దరి భయాలూ నిజమైనవేనని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ప్రమోషన్లు, బదిలీలు, సీనియారిటీ గొడవలు ఇక్కడ రాయను. అవి రాస్తే చదివేవాళ్లకు ఆవలింతలు, రాసే నాకు బీపీ. ఒకే ఒక్క సంగతి రాస్తాను.

పద్దు అనేది ఎందుకు పుట్టింది

సర్కారులో ప్రతి రూపాయికీ ఒక పద్దు ఉంటుంది. జీతాలకు ఒకటి, మందులకు ఒకటి, డీజిలుకు ఒకటి, కరెంటుకు ఒకటి. ఒక పద్దు డబ్బు తీసి ఇంకో పద్దుకు పెట్టకూడదు. పెట్టాలంటే పైనుంచి ఆర్డరు రావాలి, ఆ ఆర్డరు వచ్చేలోగా మార్చి నెల వస్తుంది, మార్చి ఆఖరుకు డబ్బు వెనక్కి పోతుంది.

నేను కడప ట్రెజరీలో ఉన్నప్పుడు జిల్లాలో ఒక చిన్న ఆసుపత్రికి జనరేటరు వచ్చింది. యంత్రాల పద్దులో కొన్నారు. డీజిలు పద్దులో మాత్రం ఆ ఏడాది పైసా లేదు. కరెంటు పోయినప్పుడు డాక్టరు టార్చి పట్టుకుని కుట్లు వేసేవాడు. ఆయుధపూజ నాడు ఆ జనరేటరుకు కుంకుమ బొట్లు పెట్టి, పూలదండ వేసి, టెంకాయ కొట్టారు. ఆ ఏడాదంతా దానికి జరిగిన పని అదొక్కటే.

ఇది చెప్పగానే కుర్రాళ్లు పద్దుల్ని తిట్టడం మొదలుపెడతారు. తిట్టకండి. పద్దు లేని రోజుల్లో మందుల డబ్బుతో ఆఫీసరుగారి గదికి తివాచీలు వచ్చేవి, దుప్పట్ల డబ్బుతో మంత్రిగారి రాకకు షామియానాలు లేచేవి. ఆ దోపిడీ చూసి కడుపు మండినవాళ్లే ఈ గోడలు కట్టారు. కట్టినవాళ్లు మంచివాళ్లు. గోడకు తలుపు పెట్టడం మరిచిపోయారు, అంతే.

పద్దు లేని డబ్బు వచ్చింది

రెండు వేల సంవత్సరం దాటిన తర్వాత వైద్యంలో సంస్కరణలు అన్నారు. ఆ దశకం మధ్యలో నన్ను కర్నూలుకు, ఆ సంస్కరణల నిధులు చూసే విభాగానికి పంపించారు. పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాలు రాత్రీ పగలూ తెరిచి ఉండాలి, కాన్పులు అక్కడే జరగాలి అన్నది ముఖ్యమైన సంగతి. దానికి తోడు ప్రతి కేంద్రానికి ఏటా కొంత డబ్బు ఇచ్చారు. ఆ డబ్బుకు పద్దు లేదు! ఆ కేంద్రం డాక్టరు, ఊరి సర్పంచి, నర్సు కలిసి కూర్చుని, ఏది అవసరమో తీర్మానం రాసుకుని, డాక్టరు, సర్పంచి చెక్కు మీద సంతకాలు పెట్టి ఖర్చు చేసుకోవచ్చు. ఈ పని చేసినవాళ్లెవరో గాని బుర్ర ఉన్నవాళ్లు.

మా విభాగానికి వెంకటసుబ్బయ్యగారు పెద్ద. కడప మనిషి. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఎర్ర ఇంకుది ఒకటి, నీలం ఇంకుది ఒకటి. ఒక్క రూపాయి తిన్నాడని ఆయన్ను ఎవరూ అనలేదు, అనలేరు. ఆయనకు పని నేర్పిన గురువుగారు ఒకాయన ఉండేవాడట. రిటైరయ్యే ముందు ఏదో చిన్న ఆడిట్ అభ్యంతరం తగిలి, ఆయన పెన్షను ఆగిపోయింది. అది తేలకముందే ఆ పెద్దాయన పోయాడు. భార్య ఆ ఫైలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం వెంకటసుబ్బయ్యగారు కళ్లారా చూశారు. ఆ తర్వాత ఆయనకు ఎర్ర ఇంకు పెన్నే దిక్కయింది. ఆయన్ను పిరికివాడని ఆఫీసులో అందరూ వెక్కిరించేవాళ్లు. నాకు మాత్రం మనసొప్పేది కాదు.

అలాంటి మనిషికి పద్దు లేని డబ్బు చూడగానే చెమటలు పట్టాయి. "పద్మా, దేనికైనా ఖర్చు పెట్టొచ్చు అని రాసినారు. దేనికైనా అంటే ఏందమ్మా? రేపు ఆడిట్ వాడు వచ్చి, దీనికి ఎందుకు పెట్టినావు అంటే ఏ రూలు చూపించాల?" అన్నారు. ఆ సాయంత్రమే ఒక సర్క్యులర్ తయారు చేశారు. ఖర్చు పెట్టే ముందు జిల్లా ఆఫీసు అనుమతి తీసుకోవాలి, మూడు కొటేషన్లు పంపాలి, ఏ పద్దు కిందికి వస్తుందో రాయాలి. పద్దు లేని డబ్బుకు పద్దు రాయమన్నారన్నమాట.

ఇంకేముంది, ఎవరూ ఖర్చు పెట్టలేదు. చెక్కు పుస్తకాలు బీరువాల్లో ఒక్క కాగితం చిరగకుండా పడి ఉన్నాయి. నెలవారీ పట్టికలో ఖర్చు దగ్గర అన్నీ సున్నాలు. వెంకటసుబ్బయ్యగారు వాటిని చూసి, "ఒక్క అభ్యంతరం కూడా ల్యా" అని తృప్తిపడ్డారు.

నీళ్లు ఏ పద్దు?

ఆదోని వైపు ఒక పల్లె ఉంది. పేరు చెప్పను. అక్కడి ఆరోగ్య కేంద్రంలో గౌసియా అని ఒక స్టాఫ్ నర్సు. కాంట్రాక్టు ఉద్యోగం, చిన్న జీతం, పెద్ద గొంతు. ఆమె వచ్చాక ఆ కేంద్రంలో కాన్పులు మొదలయ్యాయి. ఎండాకాలం రాగానే బోరు ఎండిపోయింది. నీళ్లు లేకుండా కాన్పు గది నడపడం ఎట్లా? ఊళ్లో ఈరన్న అనే రైతుకు ట్రాక్టరు, ట్యాంకరు ఉన్నాయి. దూరంగా ఉన్న బావినుంచి నీళ్లు తెచ్చి అమ్ముతుంటాడు. గౌసియా అతనితో అప్పు మాట్లాడుకుని కొన్ని ట్యాంకర్లు తెప్పించింది. తెల్ల కాగితం మీద బిల్లు రాయించి, ఈరన్న వేలిముద్ర వేయించి, మాకు పంపించింది.

వెంకటసుబ్బయ్యగారు ఆ కాగితాన్ని అటు తిప్పారు, ఇటు తిప్పారు. నీటి చార్జీల పద్దు అందామంటే అది మునిసిపాలిటీకి, పంచాయతీకి కట్టే పన్ను. ఈరన్న మునిసిపాలిటీ కాదాయె. వాహనం అద్దె అందామంటే ట్రాక్టరు సేద్యానికని రిజిస్టరు అయింది, అద్దెకు తిప్పే పర్మిట్ లేదు. చివరికి ఆయనకు ఒక దారి తోచింది. నీళ్లు కొన్నాం కాబట్టి నీళ్లు సరుకు. సరుకు కొంటే స్టాకు రిజిస్టరు ఉండాలి. రాక, వాడకం, నిల్వ. "ఆ రిజిస్టరు పంపమను, బిల్లు పాసు చేద్దాం" అన్నారు. ఆయన ముఖంలో నిజంగా సంతోషం కనిపించింది. ఆ పిల్లకు మేలు చేయాలనే చూశారు పాపం.

గౌసియా అంత పనీ చేసింది. డ్రమ్ములో ఎన్ని బకెట్లు పోశారు, ఏ కాన్పుకు ఎన్ని వాడారు, ఎన్ని మిగిలాయి, అన్నీ గీతలు గీసి రాసి పంపింది. ఆ రిజిస్టరు చూసి నేను నోట్లో కొంగు కుక్కుకుని నవ్వాను. వెంకటసుబ్బయ్యగారు మాత్రం నవ్వలేదు. కూడి చూశారు, తీసి చూశారు, నిల్వ తేడా వచ్చింది. ఇంత ఎండకు ఇగిరిపోయిన నీళ్లు ఆ లెక్కలో లేవు. "తరుగు వచ్చిందమ్మా. సర్కారు సరుకు తరిగితే దాన్ని కొట్టివేసే అధికారం నాకు ల్యా. హైదరాబాదుకు రాయాల" అన్నారు. రాశారు కూడా. అప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండింది.

హైదరాబాదు నుంచి జవాబు ఎందుకు వస్తుంది? అక్కడ ఆ కాగితం చదివినవాళ్లు ఏమనుకున్నారో దేవుడికే తెలియాలి. ఇక్కడ ఈరన్నకు డబ్బు అందలేదు, ట్యాంకరు ఆగిపోయింది. గౌసియా కాన్పు గదికి తాళం వేసి, తాళం చెవి కొంగున కట్టుకుని, బస్సెక్కి కర్నూలు వచ్చింది.

ఆమె వచ్చిన రోజు ఇప్పటికీ గుర్తే. బుర్ఖా దుమ్ము కొట్టుకుపోయి ఉంది. నీళ్లు ఇస్తే రెండు గ్లాసులు గడగడా తాగింది. వెంకటసుబ్బయ్యగారి బల్ల ముందు నిలబడే మాట్లాడింది.

"సార్, ఈరన్న దుడ్లు ఈకుంటే ట్యాంకరు తోలనంటాండాడు. ఆయప్పను అనేదానికి ల్యా, ఆయప్పదీ కష్టమే. నా బాధంతా నాగమ్మ గురించి సార్."

"నాగమ్మ ఎవరమ్మా?"

"కూలికి పోయే ఆడమనిషి సార్. పోయినసారి ఆదోనికి జీపులో తీస్కపోతాంటే దావలోనే కాన్పయ్యి బిడ్డ సచ్చిపాయ. మళ్ల ఇప్పుడు నెలలు నిండినాయి. ఒంట్లో రకతం ల్యా. ఇంట్లో కాన్పయితే మనిషే దక్కదు. జీపు ఎక్కమంటే సచ్చినా ఎక్కనంటాంది. రోజూ వచ్చి తలుపుకు తాళం ఉండాదా తీసినామా అని సూసి పోతాంది సార్."

వెంకటసుబ్బయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేనేం చేసేదమ్మా? రూలు అట్లుండాది. నీ తప్పేం ల్యా, నువ్వు కూర్చో ముందు" అన్నారు. ఆమె కూర్చోలేదు. "రూలుకు నొప్పులు రావు సార్, ఆమెకు వస్తాయి" అని, బస్సు టైమయిందని వెళ్లిపోయింది.

తనిఖీకి పోయాం

ఆ సాయంత్రమంతా ఆలోచించాను. పోట్లాడితే ఆయన ఇంకా బిగుసుకుపోతారు. ఆయన రూలుతోనే ఆయన్ను లేపాలి. మర్నాడు పొద్దున్నే పోయి, "సార్, నీళ్లు సరుకని మనమే అన్నాం. సరుకు నిల్వ ఉన్నచోట అధికారి స్వయంగా పోయి కొలిచి చూడాలని కోడులో ఉంది కదా. తరుగు కూడా వచ్చింది. మనం పోకపోతే ఆడిట్ వాళ్లు మనల్నే అడుగుతారు" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. నా ఎత్తు ఆయనకు తెలియకపోలేదు. "నువ్వు బద్వేలు అంగట్లో పుట్టినావు, నాకు తెల్సు" అన్నారు. కాని రూలు రూలే. జీపు చెప్పమన్నారు. బయల్దేరేటప్పుడు చూస్తే, సంచిలో ఆఫీసు స్కేలు ఒకటి పెట్టుకున్నారు. నీటి లోతు కొలవడానికట! దారి పొడుగునా నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వు ఆపుకున్నాను.

మేం పోయేసరికి వరండాలో చాప మీద ఒక ఆడమనిషి పడుకుని ఉంది. పక్కన ఆమె అత్త విసురుతోంది. నాగమ్మకు తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయట. జీపు తెచ్చారు, ఎక్కలేదు. నడుచుకుంటూ ఇక్కడికే వచ్చి పడుకుంది. గౌసియా మమ్మల్ని పలకరించను కూడా లేదు. గది తెరిచి డ్రమ్ము చూపించింది. "ఇదే సార్ స్టాకు, కొల్సుకోండి" అంది. అడుగున ఇన్ని నీళ్లు, పైన దోమలు.

వెంకటసుబ్బయ్యగారు స్కేలు బయటికి తీశారు, మళ్లీ సంచిలో పెట్టారు. అప్పుడు నాగమ్మ అత్త లేచి వచ్చి చేతులు జోడించింది.

"సా, కర్నూలు నుంచి నీళ్లు తెచ్చినారా?"

నేనే, "లేదమ్మా, చూసిపోదామని వచ్చినాం" అన్నాను.

"నీళ్లు సూడ్డానికి అంత దూరం నుంచి వచ్చినారా?" అంది ఆమె. ఎగతాళి కాదు. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు.

చాప మీదనుంచి నాగమ్మ కేక పెట్టింది. గౌసియా పరుగెత్తింది. "డాక్టరుగారూ, టయం ల్యా, నీళ్లన్నా తెప్పియ్యండి, ల్యాకుంటే ఈమెను మోసి జీపులోనన్నా యేయండి" అని అక్కణ్నుంచే అరిచింది. "జీపు వొద్దు, జీపు వొద్దక్కా" అని నాగమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

వెంకటసుబ్బయ్యగారు డాక్టరు వైపు తిరిగారు. కొత్తగా చదువు ముగించి వచ్చిన కుర్రాడు, గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"చెక్కు బుక్కు తీయప్పా."

"సార్, మీ అనుమతి లేకుండా ఖర్చు పెట్టకూడదని సర్క్యులర్ ఉంది కదా సార్..."

"ఆ సర్క్యులర్ రాసిన దరిద్రుణ్ని నేనే. ఇప్పుడు నేనే చెప్తాండా. రాయి!"

ఆయన గొంతు పెంచడం నేను అదే మొదటిసారి వినడం. సర్పంచిని పిలిపించారు. తీర్మానం నాలుగు ముక్కల్లో రాశారు. డాక్టరు ఆ కేంద్రం మొదటి చెక్కు రాశాడు, సర్పంచి పక్కన సంతకం పెట్టాడు. ఈరన్న చేనులోంచి వచ్చాడు. పాత బాకీ, ఆ రోజు ట్యాంకరు, అన్నీ కలిపి ఇచ్చిన ఆ చెక్కును వెలుతురుకు పెట్టి చూసుకున్నాడు.

"ఇది బ్యాంకులో సెల్లుతాదా సా?"

"చెల్లకుంటే నా జీతంలో ఇస్తా, పో నాయనా, ముందు నీళ్లు తే."

"నొప్పులు పడతాండాది మన నాగమ్మనా? ఆ మాట ముందే సెప్పుంటే ఊరికే తోలుకొస్తును గదా సా" అని ఈరన్న ట్రాక్టరు వైపు ఉరికాడు. ఆ మాటకు గౌసియా వెనక్కి తిరిగి, "ఊరికే తెచ్చినావులే, మూడు నెల్ల నుంచి నా పానం తీస్తివి" అంది. అంత కంగారులోనూ మాకు నవ్వొచ్చింది.

మధ్యాహ్నంలోపే ట్యాంకరు వచ్చింది. తొట్టి నిండింది, డ్రమ్ములు నిండాయి, గది కడిగారు. నాగమ్మను లోపలికి తీసుకుపోయి తలుపు వేశారు. వెంకటసుబ్బయ్యగారు వరండాలో బల్ల మీద కూర్చున్నారు. అన్నం తినండి సార్ అంటే వద్దన్నారు. లోపల నాగమ్మ అరిచినప్పుడల్లా లేచి నిలబడి, మళ్లీ కూర్చునేవారు. ఉద్యోగమంతా ఆసుపత్రుల బిల్లులు పాసు చేసిన మనిషి, కాన్పు గది బయట కూర్చోవడం అదే మొదలట. ఆయన పిల్లలు పుట్టినప్పుడు కూడా మార్చి నెల పనుల్లో ఉన్నానని నాతో చెప్పారు.

పొద్దు వాలేవేళ బిడ్డ ఏడుపు వినిపించింది. మేమందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ముసలత్త నేల మీద కూలబడి ఏడ్చింది. కాసేపటికి గౌసియా బయటికి వచ్చింది. మోచేతుల దాకా తడి. "ఆడబిడ్డ సార్. తల్లీ బిడ్డా బాగుండారు. రకతం శానా పోతాంటే బయమాయె గాని, నిలబడింది" అంది.

వెంకటసుబ్బయ్యగారు రిజిస్టరు తెరిచి నీలం పెన్ను తీశారు. అలవాటు ఎక్కడికి పోతుంది? "ఎన్ని బకెట్లు వాడినారమ్మా?"

గౌసియా ఆయన వైపు చూసింది. "లెక్క పెట్టల్యా సార్. ఎట్ల పెట్టేది?"

ఆయన వాడకం అన్న గడి ఖాళీగా వదిలేసి, కింద 'తనిఖీ చేశాను' అని రాసి సంతకం పెట్టారు.

ఆ తర్వాత

మర్నాడే పాత సర్క్యులర్ రద్దు చేశారు. బీరువాల్లో చెక్కు పుస్తకాలు బయటికి వచ్చాయి. చాలాచోట్ల తలుపులకు గడియలు, మంచాలకు పరుపులు, కాన్పు గదులకు బల్బులు వచ్చాయి. ఒకచోట డాక్టరు గదికి కూలరు కూడా వచ్చింది. దాన్ని దాచిపెట్టి, అంతా బంగారమైపోయిందని మీకు చెప్పను. ఆ కూలరు డబ్బు వెనక్కి కట్టించాం. అది కూడా మన పనే. చేతులు కట్టేసుకుని కూర్చోవడం ఒక్కటే మన పని కాదని చెప్పడానికి ఇదంతా రాస్తున్నాను.

మరుసటి ఏడాది ఆడిట్ వచ్చింది. ట్రాక్టరు పర్మిట్ గురించి రాయలేదు, వేలిముద్ర గురించి రాయలేదు. ఆ రిజిస్టరు తిరగేసి ఒక్కటే పట్టుకున్నారు. వాడకం గడి ఖాళీగా ఉండగా అధికారి ఎలా ధ్రువీకరించారు? అప్పటికి వెంకటసుబ్బయ్యగారు రిటైర్మెంటు గుమ్మంలో ఉన్నారు. నేను పరుగున ఆయన దగ్గరికి పోయి, "సార్, ఏదో ఒక అంకె వేద్దాం. సుమారుగా ఇన్ని బకెట్లని గౌసియా చేత రాయిస్తాను. దాంతో అయిపోతుంది" అన్నాను.

"ఆ పిల్ల లెక్క పెట్టలేదు కదమ్మా. మళ్ల ఆమెతో అబద్ధం రాయించేదెందుకు?" అన్నారు. జవాబు ఎవరినీ రాయనివ్వకుండా ఆయనే రాశారు.

'ఆ రోజు నేను అక్కడ ఉన్నాను.'

అది జవాబు కాదని ఫైలు వెనక్కి వచ్చింది. ఆయన రిటైరయ్యారు, పెన్షను ఆగింది. ఆ కాగితం పట్టుకుని ఆయన ఇంటికి పోయి, జవాబు మార్చమని నేను బతిమాలాను, వాళ్లావిడ బతిమాలింది. ఆయన ఆ కాగితం తీసుకుని, కింద మళ్లీ అదే మాట రాసి, సంతకం పెట్టి నా చేతికిచ్చారు.